గోడ మీద కోపం

నవ్వకూడదు. తలుపు తెరిచినవాడు నవ్వితే కథంతా వెటకారమైపోతుంది. ఏడిస్తే మరీ దరిద్రం. ఏడ్చే దుర్మార్గుణ్ణి ఎవడు నమ్ముతాడు? ఊరికే నిలబడితే? ఎంతసేపని నిలబడతాడు? వారం దాటింది నిలబడి. కాగితం మీద తలుపు తెరుచుకుంది, గడప అవతల ఒక మనిషి నిలబడ్డాడు, అక్కడితో వాక్యం ఆగిపోయింది. "తలుపు తెరుచుకుంది. ఎదురుగా నిలబడ్డవాడు..." ఆ తర్వాత ఏమిటో ఔదాకు తెలియదు. కథనంతా ఆ తలుపు దాకా ఈడ్చుకొచ్చిన వాడికే తెలియదు.

ఆ సగం వాక్యాన్ని మళ్ళీ ఒకసారి గట్టిగా చదివాడు. అతనికి అది అలవాటు. రాసిన ప్రతి వాక్యాన్నీ అరిచి చదవాలి, బల్ల మీద అరచేత్తో కొట్టాలి. చెక్క మోగినట్టు వాక్యం కూడా మోగితేనే ఉంచుతాడు. ఇది మోగలేదు. చెయ్యి మాత్రం మండింది.

పెన్సిల్ మొనను కిటికీ చట్రంలో ఉన్న పాత మేకు రంధ్రంలో పెట్టి తిప్పుతూ గోడను చూశాడు. అదీ అలవాటే. ఆ చట్రం నిండా అలాంటి రంధ్రాలున్నాయి. తిప్పి తిప్పి ఈ ఒక్కటీ నున్నగా, నల్లగా తయారైంది.

కిటికీకి చేతికర్రంత దూరంలో గోడ. సిమెంటు ఇటుకలు, పూత లేదు. మేస్త్రీ తాపీతో నొక్కి వదిలేసిన సిమెంటు ముద్దలు ఎక్కడివక్కడ గట్టిపడి ఉన్నాయి. వాటిలో ఒకటి అచ్చం చెవిలా ఉంటుంది. ఈ గోడ లేని రోజుల్లో ఇక్కణ్ణుంచి సల్త్ ఊరు సగం కనిపించేది. మెట్లు మెట్లుగా దిగిపోయే పసుపు రాతి ఇళ్ళు, ఒకరి కప్పే పైవాళ్ళకు వాకిలి, అడుగున లోయ, దుమ్ము లేని రోజున నదికి ఆవలి కొండలు కూడా. ఇరవై ఏళ్ళు ఆ దృశ్యం ముందు కూర్చున్నాడు. రాసినవి రెండు సన్నటి పుస్తకాలు. పత్రికలవాళ్ళు "ప్రశాంతమైన శైలి" అని మెచ్చుకున్నారు. నిద్ర వస్తోందని మర్యాదగా చెప్పడం అది. ఔదాకు ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా ఆ కొండల్ని చూస్తూ, మైరమియా ఆకు వేసిన టీ తాగుతూ, మూడో పుస్తకం ఎప్పటికైనా వస్తుందని కాచుకుని కూర్చున్నాడు.

అప్పుడు మిత్‌కాల్ గోడ కట్టాడు.

మిత్‌కాల్‌ది దిగువ ఇల్లు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే రొట్టెను విరుచుకు తిన్నారు. వాడు కొడుకు పెళ్ళికని కప్పు మీద గది లేపాడు. ఒక్కమాట అడగలేదు. ఒక పొద్దున ఔదా కిటికీ తెరిచేసరికి కొండల ముందు మేస్త్రీ నిలబడి ఉన్నాడు. సాయంత్రానికి మేస్త్రీ లేడు, కొండలూ లేవు. ఔదా వీధిలోకి దిగి అరిచాడు. మిత్‌కాల్ కూడా అరిచాడు. నా కప్పు నా ఇష్టమన్నాడు. ఆ రోజు నుంచి సలాములు లేవు. గోడ పడితేనే నీ మొహం చూస్తానని ఔదా రొట్టెల కొట్టు ముందు నలుగురి ఎదుటా ప్రమాణం చేశాడు. అప్పట్నుంచి రొట్టెలవాడికి రోజూ ఒకటే పరాచకం: "ఉస్తాద్, గోడ ఎలా ఉంది? ఒంట్లో కులాసాగా ఉందా?"

ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. గోడ లేచిన వారానికే ఔదాకు రాయడం వచ్చింది.

వచ్చిందంటే ఎలాగనుకున్నారు? గండి పడ్డట్టు వచ్చింది. పొద్దున్నే గడ్డం గీసుకోకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా మేడెక్కి కిటికీ రెక్కలు తెరిచేవాడు. టీ నీళ్ళు మరిగేదాకా కాచుకున్నట్టు గోడను చూస్తూ కూర్చునేవాడు. ముందు కణతల దగ్గర వెచ్చగా మొదలయ్యేది, తర్వాత దవడ బిగిసేది, ఆ తర్వాత వాక్యం. ఒకడి ఇంటికి ఆనించి ఇంకొకడు గోడ కడతాడు, అదే నవల. గోడ కట్టేవాడు లావుగా ఉంటాడు, నడుముకు తాళంచెవుల గుత్తి గలగలలాడిస్తూ తిరుగుతాడు. మిత్‌కాల్ నడుముకూ అలాంటి గుత్తే ఉంది, ఉండనీ. కోపం రావడం ఆలస్యమైన రోజున వాడి దగ్గును గుర్తు తెచ్చుకునేవాడు. అదీ చాలకపోతే మెట్ల మీద కావాలని వాడికి ఎదురుపడి, మొహం తిప్పుకుని, ఆ వేడి చల్లారకముందే పరుగున వచ్చి బల్ల ముందు కూర్చునేవాడు. ఒకసారి రేడియో నుంచి ఒక అమ్మాయి వచ్చి, ఉస్తాద్ మీరు ఎప్పుడు రాస్తారు, రాసేముందు ఏం తాగుతారు అని అడిగింది. "కోపం వచ్చినప్పుడు రాస్తా, కోపమే తాగుతా" అన్నాడు. ఆ పిల్ల పకపకా నవ్వింది.

ఇప్పుడు ఆ కోపాన్నే ఎత్తుకుపోవడానికి వస్తున్నారు.

మిత్‌కాల్‌కు హజ్‌కు పోయే వంతు వచ్చింది. బయలుదేరేముందు ఎవరి మనసైనా నొప్పించి ఉంటే వెళ్ళి తేల్చుకోవాలి. అందుకని ఇవాళ శుక్రవారం నమాజు కాగానే ఊరి పెద్దమనుషుల్ని వెంటేసుకుని జాహాగా, అంటే రాజీ అడగడానికి, వస్తున్నాడు. జాహా వస్తే ఏం జరుగుతుందో ఇక్కడ పాలు మరిచిన పిల్లలకు కూడా తెలుసు. ఇంటివాడు కాఫీ పోస్తాడు. పెద్దాయన కప్పు అందుకుంటాడు, తాగడు, ఎదురుగా పెడతాడు. అడగవలసింది అడుగుతాడు. ఇంటివాడు "తాగండి" అంటే అడిగింది ఇచ్చినట్టే. అనకపోతే ఆ కాఫీ చల్లారిపోతుంది, దాంతోపాటు ఇంటివాడి పరువు కూడా. మర్యాదట, మర్యాద! బొటనవేలంత కప్పు. మెడ మీద పెట్టే కత్తి కాకపోతే మరేమిటి అది?

ఇంతా చేసి వాళ్ళు ఇవ్వబోయేది అతను అడిగిందే. గోడ కూలుస్తారట! రెండేళ్ళుగా ఊరంతా తిరిగి అడిగిందీ అదే కదా. ఆ మాట తలుచుకుంటే ఔదాకు ఒళ్ళు మండుతోంది. గోడ పడితే కొండలు వస్తాయి. కొండలొస్తే ప్రశాంతమైన శైలి వస్తుంది. పోనీ గోడ వద్దు, ఉండనివ్వండి, క్షమించానని అంటే? అదీ చావే. క్షమించిన గోడ ఉత్త గోడ. రోజూ దాని ముందు కూర్చుంటే సిమెంటు కనిపిస్తుంది, అంతే. అతనికి కావలసింది గోడ కాదు, అన్యాయం. దాన్ని కూల్చడానికి లేదు, క్షమించడానికీ లేదు. చివరి అధ్యాయం అయ్యేదాకా అది ఎక్కడిదక్కడ ఉండాలి. ఈ మాట ఏ పెద్దమనిషికి చెప్పాలి? చెబితే ఏ పిచ్చాసుపత్రికి పంపిస్తారు?

కింది నుంచి అక్క కేక వినిపించింది.

"ఒరేయ్ ఔదా! గడ్డం గీసుకున్నావా లేదా?"

ఫిద్దా భర్త పోయాక పుట్టింటికే వచ్చేసింది. ఇల్లు ఆవిడ చేతిమీదే నడుస్తుంది. మెట్ల మొదట్లో నిలబడి పిలుస్తోంది. మోకాళ్ళ నొప్పులు, మేడెక్కలేదు.

"గీసుకోను. ఈ మొహానికే అన్యాయం జరిగింది. ఈ మొహంతోనే కూర్చుంటా."

"ఆహా, ఎంత అందమైన మొహం! ముందు కిందికి దిగు. యాలకులు దంచి పెట్టా, కాఫీ కూజా నిప్పుల మీద ఉంది. వచ్చినవాళ్ళకు నువ్వే పొయ్యాలి, నేను పొయ్యకూడదు."

దిగి వచ్చాడు. మగవాళ్ళు కూర్చునే గదిలో ఫిద్దా తివాచీలు దులిపి పరిచింది, గోడల వెంట దిండ్లు సర్దింది. తమ్ముణ్ణి ఎగాదిగా చూసి తల కొట్టుకుంది.

"రెండేళ్ళు గోడ గోడ అని నా ప్రాణం తీశావు. ఇవాళ కూలుస్తామని కాళ్ళ దగ్గరికి వస్తున్నారు. అయినా ఆ మూతి విప్పవేం? నీకేం కావాలిరా అసలు?"

"నన్ను నాలుగు రోజులు వదిలెయ్యడం కావాలి."

"వదిలేస్తూనే ఉన్నాంగా పుట్టినప్పట్నుంచీ! అన్నం ముందు నుంచి లేచిపోతావు, మనిషి మాట్లాడుతుంటే మధ్యలో లేచిపోతావు. మా ఆయన పోయిన రోజున జనం కూర్చుని ఉంటే వాళ్ళ మధ్యలోంచి లేచి మేడెక్కావు. ఏదో వాక్యం వచ్చిందట! వాక్యం!"

"అక్కా, ఇప్పుడొద్దు."

"ఎప్పుడూ అంతే. నీ కోపం ఎవరి మీదో నీకే తెలీదు. అత్త మీది కోపం దుత్త మీద. చిన్నప్పుడు నాన్న తిడితే పోయి మేకను తన్నేవాడివి. పాపం ఆ మేక నిన్ను చూస్తే పారిపోయేది."

"మేక ఊసు ఇప్పుడెందుకు?"

"ఎందుకా? ఆ మేక బతికుంటే అది కూడా ఇవాళ జాహాలో వచ్చి కూర్చునేది, అందుకు!"

ఔదాకు నవ్వు రాలేదు. అక్క అన్నదానికి గుండెలో ఎక్కడో ముల్లు విరిగినట్టయింది. ఏ ముల్లో చూసుకోవడానికి వ్యవధి లేదు. వాకిట్లో చెప్పుల చప్పుడు, గొంతు సవరింపులు.

వచ్చినవాళ్ళు గది నిండా కూర్చున్నారు. ముందు అబూ హాబిస్. ఊళ్ళో ఏ తగవైనా ఆయన భుజాల మీది నల్లటి పైవస్త్రం కనబడితే సగం తెగినట్టే అంటారు. ఆయన పక్కన నలుగురైదుగురు పెద్దవాళ్ళు, వాళ్ళ వెనక వీధివాళ్ళు, వాళ్ళలో రొట్టెలవాడు. తలుపు దగ్గర చివరి దిండు మీద మిత్‌కాల్ కూర్చున్నాడు. తప్పు చేసినవాడు చివర కూర్చోవాలి, నోరు విప్పకూడదు. తాళంచెవుల గుత్తి మోగకుండా గుప్పిట్లో పట్టుకున్నాడు. ఔదా కనిపెట్టాడు. ఆ జాగ్రత్త చూసి మరింత మండింది. మోగనీ! మోగడమే కదా నాకు కావలసింది.

ఎడమ చేత్తో కూజా, కుడి చేత్తో కప్పు పట్టుకుని అబూ హాబిస్‌కు పోశాడు. ఆయన అందుకున్నాడు, వాసన చూశాడు, ఎదుటి పీట మీద పెట్టాడు.

"నాయనా ఔదా, నీ కాఫీ మంచిదే. అయితే మేము అడిగి తాగుదామని వచ్చాం."

"చెప్పండి పెద్దాయనా."

"పొరుగు అంటే ఏమిటో నీకు నేను చెప్పాలా? పుస్తకాలు రాసేవాడివి. మిత్‌కాల్ తప్పు చేశాడు. అడక్కుండా నీ వెలుతురుకు అడ్డం కట్టాడు. ఒప్పుకున్నాడు. రేపు కూలీలు వస్తారు. గోడ నేలమట్టం అవుతుంది. నీ కిటికీ నీకు, నీ కొండలు నీకు. వాడు దేవుడి ఇంటికి పోతున్నాడు. నీ మనసులో వాడి మీద ఏమీ లేదని ఒక్కమాట అను, ఈ కాఫీ తాగి లేస్తాం."

అందరూ తలలూపారు. సుళువైన పని. ఊళ్ళో ఇంతకన్నా సుళువైన జాహా ఎవరూ చూసి ఉండరు. అడిగేది ఏమీ లేదు, అంతా ఇవ్వడమే.

కప్పు మీద ఆవిరి సన్నబడింది. ఎవరో దగ్గారు. రొట్టెలవాడు పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు.

"కొంచెం గడువు కావాలి" అన్నాడు ఔదా చివరికి.

"గడువా?" అబూ హాబిస్ కనుబొమలు లేచాయి. "రక్తం చిందిన తగవుల్లో అడుగుతారు నాయనా గడువు. ఇటుకలకు గడువేమిటి?"

"పుస్తకం రాస్తున్నాడు పెద్దాయనా" రొట్టెలవాడు వెనక నుంచి అందించాడు. "ఏం ఉస్తాద్, సంధికి ఎన్ని పేజీలు పడతాయి?"

కొందరు నవ్వు ఆపుకున్నారు, కొందరు ఆపుకోలేదు. ఔదాకు కణతల దగ్గర వెచ్చగా మొదలైంది. దవడ కూడా బిగిసింది. వాక్యం మాత్రం రాలేదు. ఆ క్షణంలో తనకే అసహ్యం వేసింది. ఇంతమంది మధ్యలో కూర్చుని, ఇంత అవమానంలో, వాక్యం వచ్చిందా లేదా అని లోపల తడుముకుంటున్నాడు! జేబు తడుముకునే పిసినారిలా. అంతకన్నా ఘోరం, జేబు ఖాళీ. వారం నుంచీ ఖాళీయే. జాహా వస్తోందని తెలిసి రాయలేకపోతున్నానని సర్ది చెప్పుకున్నాడు కానీ, ఆ కబురు వచ్చింది నిన్నగాక మొన్న. బూడిద మీద ఊదుతున్నాడు. గోడను చూసి చూసి, దగ్గు గుర్తు తెచ్చుకుని తెచ్చుకుని, మెట్ల మీద మొహాలు తిప్పుకుని, చల్లారిన కోపం ఇంకా కొలిమిలోనే ఉన్నట్టు నటిస్తున్నాడు.

"నాకు గోడ కూలక్కర్లేదు" అనేశాడు.

అబూ హాబిస్ ముందుకు వంగాడు.

"కూలక్కర్లేదా? అంటే క్షమించినట్టే కదా?"

"లేదు."

"కూల్చొద్దంటావు. క్షమించనంటావు." అబూ హాబిస్ గొంతులో మొదటిసారి కరుకుదనం వినిపించింది. "మరి మమ్మల్ని ఏం చెయ్యమంటావయ్యా? ఈ కాఫీ నెత్తిన పోసుకోమంటావా?"

ఔదా తల వంచుకుని పీట మీది కప్పును చూశాడు. పైన తెట్టు కడుతోంది.

"పెద్దాయనా, నన్నొక్క మాట అననివ్వు."

మిత్‌కాల్ గొంతు అది. వద్దని పక్కవాళ్ళు చెయ్యి పట్టుకున్నారు. విదిలించుకున్నాడు. గుత్తి గలగలమంది.

"ఒరే ఔదా. ఆ తలుపు దగ్గర వాణ్ణి ఎన్నాళ్ళు నిలబెడతావురా?"

ఔదా తలెత్తాడు.

"తలుపు తెరుచుకుంది, ఎదురుగా నిలబడ్డవాడు... తలుపు తెరుచుకుంది, ఎదురుగా నిలబడ్డవాడు... వారం పైనుంచి అదే. నిద్దట్లో కూడా నాకు అదే వినబడుతోంది. లోపలికి రమ్మను, లేకపోతే తలుపేసుకోమను. నిలబడి నిలబడి నా కాళ్ళు పీకుతున్నాయి!"

పెద్దవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఔదా వాడి వైపు తిరిగాడు.

"నువ్వు... వింటున్నావా?"

"వినకేం చెయ్యను? ఆ గదిలో ఎవరున్నారు? కోడలు అమ్మాన్ పట్నంలోనే ఉంటానంది, మావాడూ అక్కడే ఇల్లు చూసుకున్నాడు. గది ఖాళీ. పొద్దున టీ తెచ్చుకుని కూర్చుంటా. పైన, నీ కిటికీకి కనబడనంత ఎత్తులో వెంటిలేటర్ ఉంది. నువ్వేమో మసీదు మైకులా అరుస్తావు, బల్ల బాదుతావు. చెవుల్లో దూది పెట్టుకోమంటావా?"

"మొత్తం విన్నావా?"

"మధ్యలో జ్వరమొచ్చి కొన్ని రోజులు పోయాయి. ఆ బావి దగ్గర గొడవ ఎలా తేలిందో ఇప్పటికీ తెలీదు నాకు."

రొట్టెలవాడు కిసుక్కుమన్నాడు. అబూ హాబిస్ ఒక్క చూపు చూసేసరికి ఊరుకున్నాడు.

"వాడు నువ్వేనని..."

"లావుగా ఉంటాడు, తాళంచెవులు గలగలలాడిస్తాడు, నాలాగే దగ్గుతాడు. ఇంకెవడు మరి? మా ఆవిడ కూడా గుర్తుపట్టింది. మొదట్లో నాకూ మండింది. రాయి తీసుకుని నీ కిటికీలోకి విసురుదామనుకున్నా. చేతిలో రాయి పట్టుకునే వింటున్నా. తర్వాత ఏమవుతుందో చూద్దామనిపించింది. రాయి అక్కడే ఉంది, ఇప్పుడు దాని మీద టీ గ్లాసు పెట్టుకుంటున్నా."

ఔదాకు కోపం వచ్చింది. గోడను చూసి మరగబెట్టుకునే కోపం కాదిది. పిలవకుండా, అడుగు నుంచి లేచింది. మోగని వాక్యాలు, మధ్యలో ఆగిన వాక్యాలు, తనను తాను తిట్టుకున్న తిట్లు, తానొక్కడే ఉన్నాననుకుని ఏడ్చిన ఏడుపు, అన్నీ వీడు టీ తాగుతూ విన్నాడు. బట్టల్లేకుండా బజారులో నిలబడ్డట్టుంది.

"సిగ్గులేదా నీకు?" అని అరిచాడు. "ఇంకొకడి ఇంట్లోకి చెవులు పెట్టడానికి సిగ్గులేదా?"

"తిట్టు. తిట్టరా, రెండేళ్ళయింది నువ్వు నన్ను మొహం మీద తిట్టి! కానీ ఒక్కటి చెప్పాలి. అది చెప్పకుండా నేను హజ్‌కు పోలేను. ఆ మాటలు నావి కావు."

"ఏ మాటలు?"

"'కూర్చుని తినేవాడికి కిటికీ ఎందుకు?' అంటాడు చూడు నీ కథలో వాడు. 'వెలుతురు అమ్ముకుని బతుకుతావా?' అంటాడు. నేనెప్పుడన్నా అన్నానా నిన్ను? కప్పు నాది, నా ఇష్టం అన్నా. అంతవరకూ నిజం, తప్పే. ఆ మాటలు మాత్రం నావి కావు. అవి ఎవరివో నీకు తెలుసు. నేను మీ గుమ్మం బయట నిలబడి విన్నవే."

నడవలో ఏదో కింద పడింది. ఫిద్దా చేతిలోని పళ్ళెం కావచ్చు.

"నన్ను లావుగా రాసుకో. తాళాలు వేలాడదియ్యి. దొంగను చెయ్యి, పర్లేదు" అన్నాడు మిత్‌కాల్. ఇప్పుడతను మెల్లగా మాట్లాడుతున్నాడు. "మీ నాన్న మాటలు మాత్రం నా నోట్లో పెట్టకురా. నేను మొయ్యలేను. ఆ కిటికీకి ఆయన చెక్కలు కొట్టిన రోజున, ఊడబీకడానికి ఇనప కడ్డీ తెచ్చిందెవరు? నేనే కదరా?"

కుడి చేతి వేళ్ళ మధ్య పెన్సిల్ లేకపోయినా ఉన్నట్టనిపించింది ఔదాకు. నున్నగా, నల్లగా అయిన రంధ్రం. ఇరవై ఏళ్ళు కొండల్ని చూస్తూ, రెండేళ్ళు గోడను చూస్తూ, పెన్సిల్ మొనతో తిప్పిన రంధ్రం. మేకు రంధ్రమని తెలుసు. ఏ మేకు అని ఎన్నడూ ప్రశ్నించుకోలేదు. ప్రశ్నించుకోకుండా ఉండటానికేనేమో అంతసేపు తిప్పింది.

బనియనుతో నిలబడ్డాడు నాన్న. నోట్లో మేకులు. పెదాల మధ్య నుంచి ఒక్కొక్కటే తీసి కొడుతున్నాడు, మాట్లాడుతూనే కొడుతున్నాడు. పుస్తకం ఒళ్ళో పెట్టుకున్న పిల్లవాడి మీద నీడ ఒక్కొక్క చెక్కగా పడుతోంది. కూర్చుని తినేవాడికి కిటికీ ఎందుకు? ఆ మనిషి మంచం మీద, అందరి ప్రార్థనల మధ్య, హాయిగా పోయాడు. ఎంత మంచివాడని ఊరంతా అన్నారు. అదిగో ఆ అబూ హాబిస్ కూడా అన్నాడు. ఔదా వచ్చిన జనానికి చేదు కాఫీ పోశాడు, అవును మంచివాడే అన్నాడు. ఆ తర్వాత వాకిట్లో ఏ మేకా లేదు తన్నడానికి. చాలా ఏళ్ళకు మిత్‌కాల్ గోడ కట్టాడు.

ఎదురుగా నిలబడ్డవాడి చేతిలో సుత్తి ఉంది.

వచ్చింది వాక్యం. తలుపు తెరుచుకుంది, ఎదురుగా నిలబడ్డవాడి చేతిలో సుత్తి ఉంది. బల్ల అక్కర్లేదు, దానంతటదే మోగింది. దాని వెనక ఇంకొకటి తోసుకొస్తోంది, దాని వెనక ఇంకొకటి. ఔదా కాళ్ళు వాటంతటవే లేచాయి. మేడ మెట్లు ఆరడుగుల దూరంలో ఉన్నాయి. ఇప్పుడెక్కకపోతే పోతుంది. ఇలా పోగొట్టుకున్న వాక్యాలు ఎన్ని లేవు! బావ పోయిన రోజున లేచినట్టే ఇవాళా లేస్తే ఏం? ఏమనుకుంటారు? పిచ్చివాడనుకుంటారు. అనుకోనీ.

గుమ్మంలో ఫిద్దా నిలబడి ఉంది. మగవాళ్ళ గదిలోకి రాకూడదు కనుక గడప దాటలేదు. తమ్ముడి కాళ్ళను చూస్తోంది. అతను ఎటు లేచాడో ఆవిడకు తెలుసు. ఏమీ అనలేదు. ఇంత తిట్టే మనిషి ఈసారి ఏమీ అనలేదు.

కోపం తగ్గలేదు. విన్నందుకు మిత్‌కాల్ మీద, నవ్వినందుకు రొట్టెలవాడి మీద, మంచివాడన్నందుకు ఈ పెద్దమనుషుల మీద, అవునన్నందుకు తన మీద, అందరి మీదా ఉంది. అందరికన్నా ఎక్కువ ఆ బనియను మనిషి మీద. ఆయన తరఫున ఎవరు వస్తారు? చచ్చినవాడికి జాహా లేదు. ఏ అబూ హాబిసూ పైవస్త్రం సవరించుకుంటూ వచ్చి, మీ నాన్న తప్పు చేశాడు, ఒప్పుకున్నాడు, చెక్కలు పీకేస్తాడు అని చెప్పడు. ఆ కప్పు ఎప్పటికీ ఎవరూ పెట్టరు. ఆ కోపం ఎక్కడికీ పోదు. ఎవరూ ఎత్తుకుపోలేరు. పొద్దుట్నుంచీ దీన్ని కాపాడుకోవడానికేనా ఇన్ని పాట్లు పడ్డది? దీనికి కాపలా ఎందుకు?

"గోడ ఉండనీ" అన్నాడు. "ఉన్నచోటే ఉండనీ. వెంటిలేటర్ మాత్రం మూసెయ్యి."

"ముయ్యను" అన్నాడు మిత్‌కాల్. "ఆ తలుపు సంగతి తేలేదాకా ముయ్యను."

"ముయ్యకపోతే చంపేస్తా."

"నలభై రోజుల్లో తిరిగొస్తా. అప్పుడు చంపు."

అబూ హాబిస్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. అరవై ఏళ్ళుగా తగవులు తీరుస్తున్నాడు. ఇది తీరిందో ముదిరిందో ఆయనకు అంతుపట్టినట్టు లేదు. పీట మీది కప్పు వైపు చూశాడు, ఔదా వైపు చూశాడు.

వాక్యం ఇంకా మోగుతోంది. మెట్లు అక్కడే ఉన్నాయి. ఔదా వంగి ఆ కప్పు తీసుకున్నాడు. అది మంచుముక్కలా ఉంది. అందులోని కాఫీని కప్పులు కడిగే నీళ్ళ గిన్నెలో పారబోశాడు. నిప్పుల మీది కూజాను ఎడమ చేత్తో ఎత్తి కొత్తగా పోశాడు. కోపంలో కూజాను ఎక్కువ వంచాడు. అంచు దాటి బొటనవేలి మీద ఒలికి చురుక్కుమంది. తుడుచుకోకుండానే కప్పును అబూ హాబిస్‌కు అందించాడు.

"తాగండి" అన్నాడు.